పిండి తిన్న నోరు

దొడ్డమ్మ మాట్లాడటం మానేసి పన్నెండు రోజులైందని బుద్రి సంతలో చెప్పింది. నేను పసుపు తూకం దగ్గర నిలబడి ఉన్నాను. తూకం పని వదిలి నాలుగు నెలలైనా సంతరోజున కాళ్ళు నన్ను అక్కడికే తీసుకుపోతాయి.

"జొరమేటి?" అన్నాను.

"జొరం నేదు."

"గొంతు పట్టేసిందా?"

"గొంతు బానే ఉంది. దగ్గుతాది, తుమ్ముతాది. మాటే నేదు."

బుద్రి మా దొడ్డమ్మ కోడలు. నాకు మరదలి వరస. కొండ దిగి ఎండలో నడిచి వచ్చింది. పక్కనే రేకుల నీడ ఉన్నా అందులోకి రాలేదు. వస్తే నా పక్కన నిలబడాలి.

"తింటందా?"

"నాలుగు ముద్దలు. తిని ఎల్లి ముంగిట్లో కూకుంటాది. నీల్లు కావాలంటే కుండేపు మూతి తిప్పుతాది. నిన్న కోడి చోళ్ళ మీదకొస్తే సేత్తో తోలింది గానీ 'హుస్' అన్నేదు. హుస్ కూడా నీకే పెట్టీసిందేటి బావా?"

పెట్టింది. పద్నాలుగు వందల మాటల జాబితాలో అదీ ఉంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పెట్టింది. ఆ సంగతి బుద్రితో అనలేదు.

"డాక్టరమ్మకి సెప్తాను," అన్నాను.

"పిండి తిన్నది డాక్టరమ్మా?" అంది. ఉప్పు కొనుక్కుని కొండదారి పట్టింది. మళ్ళీ నా వైపు చూడలేదు.

*

మా అమ్మ బోరిజ మనిషి. కొండ మీద జోడిమెట్ట గూడెంలో పుట్టి, కింద వడ్రంగం చేసే మా నాన్న ఇంటికి వచ్చింది. గురుబారి దొడ్డమ్మ ఆమెకి అక్క. బోరిజ మాట ఇప్పుడు ఆ గూడెంలో తప్ప ఎక్కడా లేదు. అక్కడ కూడా పొయ్యి దగ్గరి మాటలు, పశువుల దగ్గరి మాటలు అందరికీ వచ్చు. అడవి మాటలు, విత్తనం మాటలు, చావు మాటలు దొడ్డమ్మ ఒక్కత్తె దగ్గరే మిగిలాయి.

డాక్టర్ హైమవతి విశాఖ నుంచి వచ్చింది వాటికోసమే. మెదడు మీద పరిశోధన చేసే మనిషి. ఆవిడ తెచ్చిన యంత్రం చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. వెడల్పాటి గుడ్డపట్టీ, దాని లోపలివైపు రూపాయి బిళ్ళలంత లోహపు ముక్కలు, ఒక పెట్టె. స్మృతిపట్టీ అనేవారు. ఒకరు పట్టీ కట్టుకుని ఒక మాట అంటే, అంటున్నప్పుడు వాళ్ళ తలలో ఏం కదిలిందో అదంతా పెట్టె పట్టుకుంటుంది. ఆ పట్టీ ఇంకొకరు కట్టుకుంటే ఆ కదలిక వాళ్ళ తలలోకి పోతుంది. నాకర్థమైంది అంతే.

కొండమాట, కిందిమాట రెండూ తెలిసినవాడు కావాలంటే ఎవరో నా పేరు చెప్పారు. మొదటి రోజే ఆవిడ నన్ను "కూర్మన్న గారూ" అని పిలిచింది. నలభై ఆరేళ్ళలో నా పేరు చివర గారు తగిలించిన మనిషి ఆవిడే. తూకం దగ్గర నన్ను "ఒరే తూకం" అనేవారు. చెప్పుకుంటే ఇది చాలా చిన్న సంగతి. నేను చేసిన తప్పంతా ఈ చిన్న సంగతిని పోగొట్టుకోవడం ఇష్టం లేకే చేశాను.

రెండు రోజులు దొడ్డమ్మ తలకి పట్టీ కట్టి మాటలు పలికించాం. పెట్టెలో చప్పుడు పడింది, ఇంకేమీ పడలేదు. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"ఊరికే పలికితే చాలట్లేదండీ. ఎదుటివాళ్ళకి ఇచ్చేస్తున్నట్టు, మనసు పెట్టి అనాలి. అలా అనమని చెప్పగలరా?"

చెప్పాను. తెలుగులోనే చెప్పాను, బోరిజ నాకు అర్థమవుతుంది గానీ నోటికి రాదు. దొడ్డమ్మ నవ్వింది. "అలాగనొచ్చు కదా ముందే. పెట్టమంటోందన్నమాట," అంది బోరిజలో. "మరి పుచ్చుకునేది ఎవరు?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బోరిజ వాళ్ళకి మాట నేర్పడం వేరు, మాట పెట్టడం వేరు. నేర్పడం ఎవరైనా నేర్పుతారు. పిల్లలు వింటూ నేర్చుకుంటారు. పెట్టేటప్పుడు మాత్రం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి. మధ్యలో ఆకులో చోడిపిండి, అంటే రాగిపిండి, ఉంటుంది. మాట అన్నాక పెట్టినామె చిటికెడు పిండి పుచ్చుకునేవాడి నోట్లో వేస్తుంది. తింటే ఆ మాట వాడిది. ఆ తర్వాత ఆమె దాన్ని అనదు. ఆమెకి అవసరమైతే వాడు వచ్చి ఆమె కోసం అనాలి. మాట చేతులు మారినా మనుషులు దూరం కాకూడదని పెద్దలు పెట్టుకున్న కట్టు అది. పెళ్ళప్పుడు కోడలికి కొన్ని, బిడ్డ పుట్టాక కొన్ని, తల నెరిశాక మిగిలినవి. పెట్టడానికి నలభై ఏళ్ళు పడుతుంది. అన్నీ పెట్టేసినవాళ్ళు ఇంక తమ పని అయిపోయిందని ముంగిట్లో కూర్చుంటారు. ఎక్కువ కాలం కూర్చోరు.

ఇదంతా నాకు తెలుసు. మా అమ్మ చెప్పింది.

"ఏమంటున్నారు? ఏమైనా షరతు ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది. ఆవిడ చేతిలో ఒప్పుకోలు కాగితం ఉంది. షరతు ఉందంటే పని ఆగుతుంది. విశాఖలో కమిటీ కూర్చుంటుంది. నేను మళ్ళీ తూకం దగ్గరికి పోతాను.

"ఏం లేదమ్మా. సరే అంటంది," అన్నాను.

దొడ్డమ్మ వైపు తిరిగి, "నేనే పుచ్చుకుంటాను," అన్నాను.

ఆమె నన్ను కొంచెంసేపు చూసి లోపలికి వెళ్ళి ఆకులో పిండి తెచ్చింది. పట్టీ కట్టించుకుని నా ఎదురుగా కూర్చుంది. అడవిదుంప పేరు అంది. చిటికెడు పిండి నా ముందుకు చాచింది. నేను నోరు తెరిచాను.

ఆ పూటే డాక్టరమ్మ పట్టీ తన తలకి కట్టుకుంది. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంది. తెరిచి ఆ దుంప పేరు అంది. కొండ మీద పుట్టినట్టే అంది. అంటుండగా ఆవిడ కుడిచెయ్యి దానంతటది నేలకి వంగి, బొటనవేలితో మట్టిని మూడుసార్లు నొక్కింది.

"ఇదేంటి! నేనెందుకిలా చేశాను?"

"దుంప తవ్వాక దాని తల మళ్ళీ పాతి మట్టి నొక్కాలమ్మా. నొక్కనోడు ఆ పేరు అనకూడదు. ఆ పేరులోనే ఉంటాదది."

ఆవిడ బొటనవేలికి అంటిన మట్టిని చూస్తూ ఉండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పుస్తకంలో అర్థం రాసుకుంటే ఇది ఎలా వస్తుంది కూర్మన్న గారూ? ముందు మీరు కట్టుకోవాల్సింది. మీ అమ్మగారి భాష కదా," అంది.

"నాకు తలనొప్పి ఉందమ్మా," అన్నాను.

తలనొప్పి లేదు. మూడో తరగతిలో ఉండగా మా అమ్మ బడికి అంబలి తెచ్చి, గుమ్మంలోంచి నన్ను తన మాటలో పిలిచింది. తరగతి అంతా నవ్వింది. మేష్టారు కూడా నవ్వి, ఆ పిలుపును రెండుసార్లు అని చూపించాడు. సాయంత్రం ఇంటికెళ్ళి, "ఇంక ఆ మాట మాటాడకే," అన్నాను. బడి దగ్గర మాట్లాడొద్దనే నా ఉద్దేశం. అమ్మ ఇంట్లో కూడా మానేసింది. చనిపోయేదాకా మానేసింది. ఆ పట్టీ కట్టుకుంటే నాకు ఎవరు కనపడతారో నాకు తెలుసు. అందుకని కట్టుకోలేదు.

*

అలా పదకొండు రోజులు. రోజుకి నూట ముప్పై మాటలు.

డాక్టరమ్మ జాబితాలో నీళ్ళు, నిప్పు, రా, పో, కూర్చో లాంటివే ముందు ఉన్నాయి. ఏ భాషకైనా అవే ముందు రాసుకుంటారట. బోరిజ వాళ్ళు అలాంటివి ఎవరూ ఎవరికీ పెట్టరు. పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"నీళ్ళు కూడానా?" అని దొడ్డమ్మ అడిగింది.

"నీళ్ళు కూడా," అన్నాను.

పిండి నోట్లో వేసింది. తిన్నాను.

నాలుగో రోజు పొద్దున్న పొయ్యి రాజెయ్యబోతూ ఆమె నావైపు చూసి నిప్పువైపు గడ్డం ఊపింది. నిప్పు అనే మాట ముందురోజే నాకు పెట్టింది. దాన్ని నేను అనాలి. చిన్నప్పుడు వచ్చిన మాటే, నాలుక చివరే ఉంది, కానీ రాలేదు. నేను వంగి పెట్టె వైరు సర్దుతున్నట్టు నటించాను. ఆమె కొంచెంసేపు ఆగింది. తర్వాత మాట లేకుండా పొయ్యి రాజేసింది.

ఆ రోజు కూడా నూట ముప్పై మాటలు పెట్టింది.

విత్తనాల పేర్ల వంతు పదో రోజు వచ్చింది. పదిహేడు పేర్లు. సామ, కొర్ర, చోడి, ఊద, గంటె, వలిసె, కంది, అలా. తొలకరికి కొండవాలు పోడుచేనులో జల్లేముందు ఆ పేర్లు వరసగా పిలవాలి. విత్తనం నిద్రలో ఉంటుందని వాళ్ళ లెక్క. పేరు పెట్టి పిలవకుండా నేలలో వేస్తే, నిద్రపోతున్న మనిషిని ఎత్తుకెళ్ళి ఎక్కడో పడేసినట్టు. ఆ పేర్లు బుద్రికి పెట్టాల్సినవి. ఆ మధ్యాహ్నం బుద్రి గుమ్మంలో నిలబడి చూసింది. దొడ్డమ్మ పదిహేడు చిటికెలూ నా నోట్లోనే వేసింది.

ఆ పేర్లు ఇక్కడ రాయను. కాగితం మీద పెట్టడానికి నాకు ఎవరూ పెట్టలేదు.

*

బుద్రి సంతలో చెప్పిన మర్నాడు విశాఖ వెళ్ళాను. ఆ రోజు పెద్ద హాల్లో ప్రదర్శన జరుగుతోంది. ముప్పై మంది కాలేజీ పిల్లలు వరసగా బల్లల ముందు కూర్చున్నారు. వాళ్ళకి పట్టీ కట్టి పది రోజుల్లో ఆరువందల మాటలు ఇచ్చారు. ముందు వరసలో అధికారులు ఉన్నారు. తెర మీద అడవిదుంప బొమ్మ పడింది. ముప్పై గొంతులు ఆ పేరు అన్నాయి. ముప్పై బొటనవేళ్ళు బల్ల చెక్కను మూడుసార్లు నొక్కాయి. టక్ టక్ టక్. హాలంతా చప్పట్లు.

నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ పిల్లలకి దుంప తెలియదు, మట్టి తెలియదు, వేలికి మాత్రం తెలిసిపోయింది. నాకు దుంప, మట్టి రెండూ తెలుసు. నా వేలు కదల్లేదు.

ప్రదర్శన అయ్యాక ఒకమ్మాయి డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. "మేడమ్, మాటలన్నీ బావున్నాయి గానీ, అంటుంటే ఎందుకో తల దించుకోవాలనిపిస్తుంది. నాకొక్కదానికేనా?"

"నాలుగో రోజు నుంచి రికార్డుల్లో ఒక గోల ఉందమ్మా. ప్రతి మాట వెనకా ఒకటే బరువు. యంత్రానిదే అనుకుంటున్నాం. చాలావరకు తీసేశాం, కొంచెం మిగిలినట్టుంది," అని డాక్టరమ్మ ఆ పిల్ల భుజం తట్టింది.

నాలుగో రోజు నుంచి అన్న మాట నా చెవిలో పడింది. నేను దాన్ని పక్కకి తోసేశాను.

దొడ్డమ్మ సంగతి చెప్పాను. మాట్లాడటం లేదని మాత్రమే చెప్పాను. ఎందుకో చెప్పలేదు. డాక్టరమ్మ మెడలో దండ ఇంకా తియ్యలేదు, అలాగే కారెక్కింది.

దొడ్డమ్మని ఆస్పత్రికి తెచ్చారు. గొట్టంలాంటి యంత్రంలో పడుకోబెట్టి తల ఫొటోలు తీశారు. నర్సు, "పేరు చెప్పు మామ్మా," అంది. దొడ్డమ్మ నా వైపు చూసింది.

"గురుబారి," అన్నాను.

"ఆవిణ్ణి చెప్పనీండి," అంది నర్సు.

"ఆవిడ చెప్పదు," అన్నాను. అంతవరకే అన్నాను.

ఎక్కడా దెబ్బ లేదని రెండో రోజున దొడ్డమ్మని తిరిగి కొండకి పంపేశారు. మాట ఉండే చోటు, గొంతు, నాలుక అన్నీ బాగున్నాయి. డాక్టరమ్మ ఆ ఫొటోలు దీపానికి అడ్డంపెట్టి మళ్ళీ మళ్ళీ చూసింది. "మనకి కనపడని చోట ఏదో లాగేసింది నా పట్టీ. ఒక భాషని బతికిద్దామని ఒక మనిషి నోరు మూయించాను," అంది. ఆ వారమే పని ఆపేస్తున్నట్టు పై వాళ్ళకి ఉత్తరం రాసింది. తిండి సరిగ్గా తినడం లేదని డ్రైవరు చెప్పాడు.

నేను డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను. లోపలికి వెళ్ళి ఒక్క వాక్యం చెబితే ఆవిడ బరువు దిగిపోతుంది. లేచాను. టీ తాగి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. అలా రెండు వారాలు గడిచాయి.

*

మృగశిర కార్తె రెండో రోజున వాన పడింది. మధ్యాహ్నం ఫోను మోగింది. జోడిమెట్ట పెద్ద లక్కు. సిగ్నలు కోసం గుట్ట ఎక్కి చేసినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

"ఒరే కూర్మన్నా, వాన పడింది. ఇత్తనం పేర్లు నీ కాడున్నాయంట గదా. ఎప్పుడొస్తావు?"

"పెట్టెలో ఉన్నాయి మావా. పెట్టె పట్టుకొచ్చి ఇనిపిస్తాను, దొడ్డమ్మ గొంతే."

"పెట్టెకి ఆకలేస్తాదేట్రా? పంట పండకపోతే పెట్టె పస్తుంటాదా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. "ఎవడికి పెడితే ఆడే పిలవాల. నాలుగు దినాలు సూస్తాం. ఆపైన నేల పదును పోతాది. ముప్పై గడపల తిండిరా అది."

ఫోను పెట్టేశాను. తర్వాత డాక్టరమ్మ గదికి వెళ్ళాను. కూర్చోమంది. కూర్చోలేదు. పిండి సంగతి, షరతు సంగతి, నాలుగో రోజు పొయ్యి సంగతి, అన్నీ చెప్పాను. నిలబడే చెప్పాను. 

అయ్యాక ఆవిడ అడిగింది. "అంటే ఆమెకి జబ్బు లేదు."

"లేదమ్మా."

"నీకు మొదటి నుంచీ తెలుసు."

"తెలుసమ్మా."

"రెండు వారాలు నన్ను హంతకురాలిలా బతికించావు కూర్మన్నా."

గారు లేదు. ఉండదనే నాకు తెలుసు. విన్నాక అది లేని చోటు పన్ను ఊడిన చోటులా అనిపించింది.

"విత్తనాల పేర్లు నాకు కట్టండమ్మా. మూడు రోజుల్లో కొండ మీద ఉండాలి. గోల తీసెయ్యకుండా ఇవ్వండి. ఎలా పడిందో అలాగే."

"అది మనుషుల మీద ఎప్పుడూ వాడలేదు. ఆ బరువేంటో మాకే తెలీదు."

"నాకు తెలిసినట్టుంది," అన్నాను.

ఆవిడ తన చేతులతోనే పట్టీ కట్టింది. గట్టిగా బిగించింది.

మొదట సామ వచ్చింది. అరచేతిలో ఊక గరగర. మెడ మీద ఎండ. గట్టు మీద పక్కనే చెల్లెలు, ముందు పన్ను లేదు, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో అమ్మ నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకునేది. విత్తనం పేరు ఆ నవ్వుకి అంటుకుని ఉంది, విడదీస్తే రెండూ చిరుగుతాయి.

దాని మీద బరువు వచ్చి పడింది.

ఒక మగవాడి ముఖం. నడివయసు, చెవుల మీద నెరిసిన జుట్టు. నోరు తెరుస్తున్నాడు. కళ్ళు మాత్రం ఎదురుగా కూర్చున్నామె మీద లేవు, పక్కనున్న డాక్టరమ్మ మీద ఉన్నాయి. అది నేను. ఎదుటివాళ్ళకి నేను ఎలా కనపడతానో మొదటిసారి చూశాను.

ఆమెకి తెలుసు. నేను తింటున్నది పిండి ఒక్కటేనని ఆమెకి తెలిసే పెట్టింది. కోపం కోసం వెతికాను. కోపం ఉంటే నాకు తేలికయ్యేది. లేదు. చెల్లెలి కొడుకు నలుగురిలో గుడ్డ జారిపోయి నిలబడితే చూసినామె ముఖం తిప్పుకుంటుందే, అలాంటిది ఉంది. నేను పడాల్సిన సిగ్గు ఆమె పడింది. కొర్రలో అదే, చోడిలో అదే, కందిలో అదే, పదిహేడింటిలోనూ. దాని అడుగున ఇంకొకటి, చాలా సన్నగా. తిన్నాడు కదా, అది అరక్కుండా ఎక్కడికి పోతాడు అన్నట్టు.

పట్టీ విప్పాక డాక్టరమ్మ నీళ్ళిచ్చింది. "ఏముంది?" అని అడిగింది.

"గోల కాదమ్మా అది. సిగ్గు. నా మీది సిగ్గు."

ఆవిడ గాజు తలుపులోంచి అవతలి గదివైపు చూసింది. పని ఆగినా ఆ అమ్మాయితో పాటు మరికొందరు అక్కడ తమంతట తామే మాటలు వల్లె వేసుకుంటున్నారు. ముప్పై మంది పిల్లలు, ముక్కూ ముఖం తెలియని వాళ్ళు, నా సిగ్గు కొంచెం కొంచెం పంచుకుని తలలు దించుకుంటున్నారు. ఆవిడ మిగిలిన రెండు రోజులూ నాకు నిప్పు, నీళ్ళు, రా, పో, అన్నీ కట్టింది. మూడువందల దాకా అయ్యాయి. అన్నింటిలోనూ నా ముఖం ఉంది.

*

జోడిమెట్ట చేరేసరికి పొద్దు వాలుతోంది. దొడ్డమ్మ ముంగిట్లో గోడకి ఆనుకుని ఉంది. భుజాల ఎముకలు లేచాయి. నన్ను చూసి ముఖం తిప్పలేదు, నవ్వలేదు. కుండవైపు చూసింది.

నీళ్ళు అనే మాట అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. ఇంకోసారి అన్నాను. బుద్రి లోపలి నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత చెంబు ముంచి ఇచ్చింది. దొడ్డమ్మ గడగడా తాగింది.

"ఆమె ఇన్ని నీల్లు తాగి నెల దాటింది," అంది బుద్రి. నాతో అనలేదు, చెంబుతో అంది.

"నేనింక ఇక్కడే ఉంటాను బుద్రీ. డాక్టరమ్మ కాడ పని మానేసినాను. మిగతా మాటలు వారానికోసారి ఎల్లి కట్టించుకొస్తాను."

"ఉంటే ఉండు. మేకల సాల్లో సోటుంది."

మర్నాడు పొద్దున్నే అందరూ పోడుచేను వాలులో చేరారు. సన్నగా చినుకు. బుట్టల్లో కలిపిన విత్తనం. వరసలు వరసలుగా నిలబడ్డారు, ఆఖరి వరస బండల దాకా ఉంది. దొడ్డమ్మని చేతుల మీద తెచ్చి ముందు రాతి మీద కూర్చోబెట్టారు. పక్కన ఆకులో చోడిపిండి. పేర్లు పిలిచేవాడు ముందుగా ఒకటి చెప్పాలి. ఎవరు పెట్టారో, ఎలా పుచ్చుకున్నాడో.

"ఎవరు పెట్టినారు?" అని లక్కు అడిగాడు.

"గురుబారి."

"ఎలాగ పుచ్చుకున్నావు?"

నేను తెలుగులో మొదలుపెట్టాను. లక్కు చెయ్యెత్తాడు. "ఆ మాటలో సెప్పాల."

నా దగ్గర మూడువందల మాటలున్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టడం రాదు. నోరు తెరిచి నిలబడ్డాను. చినుకులు బుట్టల మీద కప్పిన ఆకుల మీద పడుతున్నాయి. 

దొడ్డమ్మ వేలు ఎత్తింది. నా నోటిని చూపించింది.

నోరు, అన్నాను బోరిజలో.

ఆకులోని పిండిని చూపించింది.

పిండి.

దవడలు ఆడించింది.

తిన్నది.

తన నాలుక బయటపెట్టి దాని మీద వేలు పెట్టుకుంది.

మాట.

చెయ్యి తిరగేసి విసిరింది.

తినలేదు.

ఒక్కొక్కటే అంటున్నప్పుడు నాకు తెలియలేదు. అయిదూ అయ్యాక చెవికి తగిలింది. ఈ నోరు పిండి తిన్నది, మాట తినలేదు. ముందు వరసలో ముసలివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెవులు కాలిపోయాయి. నేను దొడ్డమ్మ కళ్ళల్లోకి చూశాను, ఇంక చాలంటుందేమోనని.

ఆమె వెనక వరసలకేసి మెడ సాచి చూసింది. మళ్ళీ అన్నట్టు వేలు ఆడించింది. వెనకవాళ్ళకి వినపడలేదట.

మళ్ళీ అన్నాను. వేలు మళ్ళీ ఆడింది.

మూడోసారి కొండకి తగిలి తిరిగొచ్చేట్టు అరిచాను. అయిదు మాటలూ విడివిడిగా కాకుండా ఒక్కటిగా వచ్చాయి, బోరిజ మనిషి అన్నట్టు. దొడ్డమ్మ వేలు దించి ఒళ్ళో పెట్టుకుంది.

బండల దగ్గర నుంచి బుద్రి గొంతు వచ్చింది.

"ఇనపడింది బావా. ఇంక పేర్లు పిలు. పదునుండగానే జల్లాల."